అకారాది తప్పిన ఏడాది

నాకు నోరెక్కువ. ఈ సంగతి మా ఇంట్లో, మా వీధిలో, చివరికి మా చర్చిలో కూడా అందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. అలాంటి మనిషికి ఒక్క మాట చెప్పడానికి ఏడాది పట్టిందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా జరిగింది అదే.

మాది గన్నవరం అవతల పల్లెటూరు. డిగ్రీ అయ్యాక బెజవాడలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, గవర్నరుపేటలో ఒక డీటీపీ ఆఫీసులో చేరాను. కింద స్టీలు సామాన్ల కొట్టు, పైన మేము. మూడు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను మాకు కాదు, ప్రింటరుకి. పనిచేసేది ముగ్గురం: ఓనరుగారు, మాస్టారు, నేను.

మాస్టారికి అప్పటికే అరవై దగ్గర పడుతోంది. మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ముస్లింలు. కుర్రతనం నుంచీ టైపు నేర్పిన మనిషి కాబట్టి ఊరందరికీ మాస్టారే. యాభై దాటాక కంప్యూటరు ముందు కూర్చున్నారు. పెర్ల్ అనే కంప్యూటరు భాషమీద ఒక లావుపాటి పుస్తకాన్ని ఎవరి దగ్గరో అడిగి జిరాక్సు తీయించుకుని, బ్రౌన్ పేపరు అట్ట వేసుకుని, దాన్ని పరీక్షకి చదివినట్టు చదివారు. నాకు ఆ భాష నేర్పింది కోర్సు కాదు, ఆయనే. జీతం తక్కువ చోట గురువు దొరకడం నా అదృష్టం అనుకోవాలి. అప్పుడు అనుకోలేదు లెండి. బస్సులో సీటు దొరకడాన్నే అదృష్టం అనుకునే వయసు.

మా పని పుస్తకాలు కట్టడం. పాత ఫాంటులో ఉన్నదాన్ని కొత్త ఫాంటులోకి మార్చాలి, పేజీలు దిద్దాలి, చివర అకారాది సూచిక వేయాలి. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, అప్పటి తెలుగు ఫాంట్లకి అ తర్వాత ఆ వస్తుందని తెలియదు. ఏ మీటకి ఏ ముక్క తగిలించారో అదే వాటికి తెలుసు. అందుకని మాస్టారు అక్షరాల వరస మొత్తం ఒక పట్టికగా రాసి, ఆ పట్టిక చూసుకుని పేర్చే ప్రోగ్రాం కట్టారు. చేత్తో మూడు రోజులు పట్టే సూచిక మూడు నిమిషాల్లో వచ్చేది. చుట్టుపక్కల ప్రెస్సుల వాళ్ళు ఆ సూచిక కోసమే మా మెట్లెక్కేవారు.

ఆ ప్రోగ్రాం ఒక్క ముక్క కాదు. సూచికది ఒక ప్యాకేజీ, ఫాంటు మార్చేది ఇంకోటి, ఇలా ముక్కలు ముక్కలుగా ఉండేది. ప్యాకేజీ అంటే ఏంటండీ అని నేను అడిగిన రోజు మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని పాఠం మొదలుపెట్టారు.

"ప్యాకేజీ అంటే ఇల్లమ్మా. ఒకే పేరున్నోళ్ళు రెండిళ్ళల్లో ఉండొచ్చు. ఇంటిపేరు కలిపి పిలిచావనుకో, ఎవరు కావాలో వాళ్ళే పలుకుతారు."

"మీ వీధిలో సగం మందికి ఇంటిపేరు కూడా ఒకటేగా మాస్టారూ, మరి వాళ్ళ సంగతేంటి?"

"అందుకే మా పోస్ట్‌మ్యాన్ వారానికోసారి నా దగ్గరకొచ్చి ఏడుస్తాడు. నువ్వు పాఠం విను ముందు."

ప్రతి ఇంటికీ ఒక పట్టీ ఉంటుందన్నారు. రేషన్ కార్డు లాంటిది. ఒక పక్కన పేరు, దానికి ఎదురుగా ఆ పేరుగల మనిషి ఎక్కడ ఉన్నాడన్న చిరునామా. చాలా భాషలు ఆ పట్టీని లోపలెక్కడో దాచుకుంటాయి. పెర్ల్ దాచుకోదు, అడిగితే చేతికిచ్చేస్తుంది. మనం దాన్ని చదువుకోవచ్చు, పేరు కొట్టేయొచ్చు, ఒకరి పేరెదురుగా ఇంకొకరి చిరునామా రాసేయొచ్చు. ఆయన రెండు లైన్లు కొట్టి, ప్యాకేజీలన్నిటినీ పిలిచే మెయిన్ ప్రోగ్రాం పట్టీ మొత్తం తెరమీద దించారు. మేము రాసినవీ, మేము రాయనివీ పేర్లు బారులు తీరి వచ్చాయి. నాకు భలే సరదా వేసింది. పక్కింటి బీరువా తలుపు తీసి చూసినట్టుంది.

"చూడ్డం వరకే నీకు. రాయడం మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి," అన్నారు మాస్టారు. "ఒక పేరెదురుగా ఒక చిరునామాకే చోటుంటుంది. కొత్తది రాస్తే పాతది పోయినట్టే. పోయిందని ఎవరూ నీకు చెప్పరు."

విన్నాను. తలూపాను. ఆ తలూపడం ఎంతవరకు లోపలికెళ్ళిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఓనరుగారి పట్టుదల ఒకటి చెప్పాలి. కొత్త పుస్తకం పని మొదలెడితే మొదటి కాగితం మీద శ్రీ చుట్టకుండా ఆయన కలం కదలనిచ్చేవారు కాదు. ఒకరోజు మా వెనక నిలబడి, "కాగితాలకేనా శ్రీకారం? మీ ప్రోగ్రాములకి అక్కర్లేదా?" అన్నారు. మాస్టారు నవ్వి, ఆ రోజు నుంచీ ప్రతి ప్యాకేజీలోనూ మొట్టమొదట శ్రీకారం అనే పేరుతో ఒక ఫంక్షన్ని, అంటే పేరు పెట్టి పిలిస్తే తన పని చేసి వెళ్ళే చిన్న ముక్కని, రాయడం మొదలుపెట్టారు. అది చేసే పనేమీ లేదు. మెయిన్ ప్రోగ్రాం మొదలవగానే ఇంటిపేరు లేకుండా శ్రీకారం అని ఒక్క కేక వేస్తుంది, అది వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. ముస్లిం మాస్టారూ క్రిస్టియన్ పిల్లా కూర్చుని ఫైలు ఫైలుకీ శ్రీకారం చుట్టేవాళ్ళం. ఓనరుగారికి తృప్తి, మాకు కాలక్షేపం.

కొన్నాళ్ళకి మాస్టారు, ఎలాగూ అది మొదట పలుకుతుంది కదా అని, అక్షరాల వరస పట్టికను నింపే పనిని తన శ్రీకారంలో పెట్టారు. మెయిన్ ప్రోగ్రాంలో ప్యాకేజీలను పిలిచే లైన్లన్నిటికన్నా కింద ఆయన లైను ఉండేది. ప్రతి ప్యాకేజీ తన శ్రీకారాన్ని మెయిన్ పట్టీలో రాయిస్తుంది, చివర రాయించింది నిలుస్తుంది. ఆయనది చివరిది కాబట్టి ఆయనదే పలికేది. మిగతావి ఎలాగూ వట్టి దణ్ణాలే కనుక ఎవరికీ నష్టం లేదు.

అప్పుడు వచ్చింది మా సంఘం పాటల పుస్తకం పని. తెచ్చింది నేనే. మా ఊరి చర్చి పాస్టరుని మేము అయ్యగారు అంటాం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే పుస్తకం క్రిస్మస్‌కి కావాలన్నారు. పాటల నంబర్లు మాత్రం పేజీ అంచున పెద్దవిగా, నల్లగా, ముసలమ్మలకి కళ్ళజోడు లేకుండా కనపడేలా ఉండాలన్నారు. ఆ నంబర్ల ప్యాకేజీ నేను రాశాను. నేను సొంతంగా రాసిన మొదటి ప్యాకేజీ అది. మాస్టారి ఫైలు చూసి, నేనూ తెలివిగా, నంబరు సైజు పెట్టే పనిని నా శ్రీకారంలోనే పెట్టాను. ఆయనకి చెప్పలేదు. చేసి చూపించి శభాష్ అనిపించుకుందామని.

ఆ ఏడాది రంజాన్ నెల క్రిస్మస్‌కి ముందు పడింది. మాస్టారు ఉపవాసాలుండి కూడా పొద్దున్నే వచ్చేవారు, పొద్దుగూకేలోపు మంగళగిరి చేరాలని సాయంత్రం నాలుగున్నరకే బయల్దేరేవారు. పుస్తకం చివరి రోజున మధ్యాహ్నం సూచిక తీయించి, వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చూసుకుని, "బాగుందమ్మా. నీ నంబర్లు ఒక్కటీ సరిచూసుకుని మొత్తం ప్రింటు తీసెయ్," అని చెప్పి వెళ్ళారు.

నంబర్లు పెద్దవి రాలేదు. ఎన్నిసార్లు తీసినా చీమలంత వస్తున్నాయి. నా ఫైలు చూశాను, తప్పు లేదు. నా శ్రీకారం అసలు పలకడమే లేదు. చిరాకొచ్చింది. ఊరికే, ఏదో ఒకటి చేసి చూద్దామని, మెయిన్ ప్రోగ్రాంలో నా ప్యాకేజీ లైనుని పైనుంచి తీసి అన్నిటికన్నా కింద పెట్టాను. నంబర్లు లడ్డూల్లా వచ్చాయి. ఎందుకొచ్చాయని నేను అడగలేదు. పని అయింది, బస్సు టైమయింది. పేజీలన్నీ తిరగేశాను. సూచిక కూడా చూశాను. పేజీ నంబర్లు ఒకటి, రెండు, మూడు అంటూ పైనుంచి కిందికి వరసగా దిగుతున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో అనుకుని ప్రింటు తీసి, ప్రెస్సుకి పంపేసి, ఇంటికెళ్ళిపోయాను.

అకారాది సూచికలో పేజీ నంబర్లు వరసగా ఉంటే అది అకారాది కాదు. ఈ మాత్రం నాకు ఆ సాయంత్రం తట్టలేదు.

పుస్తకాలు ఊళ్ళకి వెళ్ళాయి. ఆ వచ్చిన ఆదివారం కాకుండా పై ఆదివారం తర్వాత అయ్యగారు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కోపిష్టి మనిషి కాదు. పుస్తకం బల్లమీద పెట్టి, "పాట మొదటి మాట చెబితే మా ఆడవాళ్ళు సూచికలో చూసి పాట తీస్తారండీ. ఇందులో అ ఎక్కడుందో క ఎక్కడుందో తెలియట్లేదు. పేజీల వరసనే పాటలు మళ్ళీ రాసినట్టుంది. దీనికి సూచిక ఎందుకండీ?" అన్నారు.

ఓనరుగారు పుస్తకం తిరగేసి మాస్టారి వైపు చూశారు. మాస్టారు లేచి వచ్చి ఆ పేజీ మీద వేలు పెట్టారు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. తప్పు చేసిన మొహం కాదు, దారి తప్పిన మొహం.

"నేను చూశానండీ," అన్నారు మెల్లగా. "ఆ రోజు చూసుకున్నాను. వరస బాగానే ఉంది. చూసినట్టే గుర్తు నాకు."

"గుర్తేంటి మాస్టారూ, కళ్ళ ముందు పుస్తకం ఉంటే," అన్నారు ఓనరుగారు. నా వైపు తిరిగి, "సూచిక పని ఎవరిదమ్మా?" అని అడిగారు.

"సూచిక మాస్టారిదేనండీ," అన్నాను.

అది అబద్ధం కాదు. అప్పటికి నేనూ నిజంగా ఆయనదే తప్పనుకున్నాను. ఉపవాసం ఉండి, నీరసానికి ఏదో మీట నొక్కి ఉంటారు అనుకున్నాను. మాస్టారు ఒక్కరోజు టైమివ్వండి, చూస్తానన్నారు. ఓనరుగారు గొంతు పెంచలేదు. "ఇంక చాలు లెండి మాస్టారూ. పెద్దవారయ్యారు. రోజూ ఆ బస్సుల్లో పడి రావడం కూడా కష్టమేగా మీకు. ఇంటిపట్టున ఉండండి," అన్నారు. అంత మర్యాదగా మాన్పించడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. మాస్టారు కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు, జిరాక్సు పుస్తకం సంచిలో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి నాతో, "చూశాననే గుర్తుందమ్మా నాకు," అని మళ్ళీ అన్నారు. నేను కంప్యూటరు వైపు తిరిగాను.

ఆ ఆదివారం మా చర్చిలో నా ముందు వరసలో కూర్చున్న ఒకావిడ పుస్తకం మూసేస్తూ, "మన పాటల పుస్తకం తీసుకెళ్ళి సాయిబు చేతికిస్తే ఇలాగే ఏడుస్తుంది మరి," అంది. నలుగురు నవ్వారు. నాకు చివుక్కుమంది. సూచిక తప్పితే తప్పింది, ఆయన మతానికేం సంబంధం అనిపించింది. అనిపించడమే గానీ నోరు విప్పలేదు. పెద్ద నోరున్నదాన్ని.

క్రిస్మస్ అయిపోయింది. సూచిక నాలుగు పేజీలూ మళ్ళీ వేసి ఇస్తే ఎవరికి వాళ్ళు పుస్తకాల్లో అంటించుకుంటారని మాట. ఆ పని నా మీద పడింది. మాస్టారి ఫైలు తీశాను, ఆయన తప్పెక్కడుందో పట్టుకుందామని. మూడుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు. చివరికి విసుగొచ్చి, ఆయన శ్రీకారాన్ని ఇంటిపేరుతో సహా పూర్తిగా పిలిచి చూశాను. సూచిక అ నుంచి చక్కగా వరసలో వచ్చింది.

అంటే ఆయనది బాగానే ఉంది. మరి ఇంటిపేరు లేకుండా పిలిస్తే పలుకుతున్నది ఎవరు? ఆయన నేర్పిన రెండు లైన్లే కొట్టి మెయిన్ పట్టీ దించాను. శ్రీకారం పేరెదురుగా ఉన్న చిరునామా అచ్చు వేయించాను. పక్కన మాస్టారి శ్రీకారం చిరునామా వేయించాను. అంకెలు వేరు. నా శ్రీకారం చిరునామా వేయించాను. మెయిన్‌లో ఉన్న అంకెలూ నావీ ఒకటే, చివరి అంకె దాకా.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నా లైను కిందికి దించగానే నా శ్రీకారం ఆయన శ్రీకారాన్ని పట్టీలోంచి తోసేసింది. పెద్ద నంబర్లు వచ్చాయి. ఆయన అక్షరాల పట్టిక నిండలేదు. పట్టిక ఖాళీగా ఉంటే పెర్ల్‌కి అన్ని అక్షరాలూ సమానమే, ఏది ముందో తెలియక వచ్చిన పాటల్ని వచ్చిన వరసలోనే వదిలేసింది. మాస్టారు మధ్యాహ్నం చూసినప్పుడు వరస బాగానే ఉంది. ఆయన చూశారు. ఆయనకి గుర్తున్నది నిజం. ఆయన వెళ్ళాక చెడగొట్టింది నేను.

అటు చూస్తే ఓనరుగారు ఫోనులో మాట్లాడుతున్నారు. లేచి వెళ్ళి చెప్పడానికి పది అడుగులు. నేను లేవలేదు. దానికి బదులు ఇంకో పని చేశాను. మెయిన్ పట్టీలో శ్రీకారం పేరెదురుగా ఒక కొత్త ఫంక్షన్ని కూర్చోబెట్టాను. అది ముందు ఆయన శ్రీకారాన్ని, తర్వాత నా శ్రీకారాన్ని, ఇద్దర్నీ ఇంటిపేర్లతో పిలుస్తుంది. మొత్తం కలిపి నాలుగు లైన్లు. నా ఫైలు ముట్టుకోలేదు, ఆయన ఫైలు ముట్టుకోలేదు. ఎవరైనా ఆ ఫైళ్ళు చూస్తే ఎక్కడా ఏమీ జరిగినట్టు ఉండదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయమని చెప్పిన చోట నేను రాసిన మొదటి రాత అది.

సూచిక సరిగ్గా వచ్చింది. ఓనరుగారు చూసి సంతోషించారు. "చూశావా, మాస్టారు వెళ్ళగానే చక్కబడింది," అన్నారు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. జీతం కొంచెం పెరిగింది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం, అది ఒకటి. చర్చిలో మొహం చెల్లదని ఇంకోటి. అన్నిటికన్నా పెద్దది, మాస్టారికి ఏం నష్టం లేదులే అని నేను నాకు చెప్పుకున్న మాట. పెద్దవారు, బస్సుల తిప్పలు తప్పాయి, మంగళగిరిలో సొంత ఇల్లుంది, ఇంటి ముందు గదిలో సాయంత్రాలు టైపు నేర్పుకుంటున్నారు, హాయిగానే ఉండి ఉంటారు. పండగ వెళ్ళనీ చెబుదాం అనుకున్నాను. ఆ పండగ వెళ్ళింది, ఇంకోటి వచ్చింది. అలా వాయిదా వేసుకుంటూ పోతే మళ్ళీ చలికాలం వచ్చేసింది.

అప్పుడు చుడీదారు గుడ్డ కోసం మంగళగిరి వెళ్ళాను. కొట్లో మాస్టారి భార్య కనపడ్డారు. పండక్కి బట్టలు తీస్తున్నారు. ఒకసారి ఆఫీసుకి వచ్చినప్పుడు చూసిన ఆవిడ, నన్ను గుర్తుపట్టారు. మాస్టారు ఎలా ఉన్నారండీ అని అడిగాను, మామూలుగా.

ఆవిడ చేతిలో గుడ్డ కింద పెట్టేశారు. "ఏం చెప్పమంటావమ్మా. ఒళ్ళు బాగానే ఉంది. మనిషే బాలేరు. మీ ఆఫీసు మానేసిన కాడి నుంచి ఆయన మీద ఆయనకే నమ్మకం లేకుండా పోయింది. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి చూస్తారు. గ్యాసు కట్టావా, నేను కట్టానా అని నాలుగుసార్లు అడుగుతారు. నమాజులో ఎన్నిసార్లు వంగారో తెలియక పక్కనోళ్ళని చూసి వంగుతున్నారంట, మా అబ్బాయి చెప్పాడు. అదేంటని అడిగితే, చేయని పని చేసినట్టు గుర్తుండే జబ్బు వచ్చింది నాకు, ఆ పుస్తకం అప్పుడే బయటపడింది అంటారు. డాక్టరు దగ్గరకెళ్దాం రమ్మంటే రారు."

గుడ్డ కొనలేదు. బస్సులో కూర్చుని వారధి దాటుతుంటే, ఈ ఏడాదంతా ఆ మనిషి తన బుర్రని తనే అనుమానించుకుంటూ బతికాడని, దానికి మందు నా దగ్గర ఉందని, అది నేను నాలుగు లైన్ల కింద దాచిపెట్టానని అర్థమైంది. నా మీద నాకు అసహ్యం వేసింది. మర్నాడు ఓనరుగారికి మొత్తం చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కుని, "ఎంత పని చేశావమ్మా," అని, "మాస్టార్ని రమ్మని చెప్పు," అన్నారు. అంతే. ఉద్యోగం పోలేదు. ఏడాదిపాటు నేను భయపడింది ఈ రెండు మాటలకి.

నా నాలుగు లైన్లూ తీసేసి, మెయిన్ ప్రోగ్రాం, ఆయన ఫైలు, నా ఫైలు, పట్టీ, అన్నీ ప్రింటరు మీద తీసుకుని ఆదివారం చర్చి కాగానే మంగళగిరి వెళ్ళాను. పక్కింట్లో మగ్గం చప్పుడు వినపడుతోంది. మాస్టారి ఇంటి ముందు గదిలో బల్లలు గోడకి జరిపేసి ఉన్నాయి, వాటిమీద ఏమీ లేదు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చిక్కారు. నన్ను చూసి నవ్వారు గానీ ఎందుకొచ్చావని అడగలేదు.

చెబుదామని వెళ్ళాను కదా, నోరు రాలేదు. కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టి, "ఇందులో తప్పెక్కడుందో చూసి పెట్టండి మాస్టారూ," అన్నాను.

"నాకెందుకమ్మా ఇవి. కళ్ళు ఆనవు, బుర్ర అంతకన్నా ఆనదు."

"చూడండి ఒకసారి."

కళ్ళజోడు పెట్టుకున్నారు. జేబులోంచి పెన్సిలు తీశారు. మొదటి కాగితం, రెండోది. నా ఫైలు దగ్గర ఆగి నా శ్రీకారాన్ని చదివారు. మళ్ళీ మెయిన్ ప్రోగ్రాం కాగితానికి వచ్చారు. పెన్సిలు మొన లైను మీద లైను దిగుతూ అన్నిటికన్నా కింది లైను దగ్గర నిలబడింది. నేను రెండు రోజులు కొట్టుకున్నదానికి ఆయనకి పది నిమిషాలు పట్టలేదు.

"కింద ఉండాల్సింది నా లైనుగా," అన్నారు. "దీన్ని ఎవరు దించారు?"

"నేనే మాస్టారూ. ఆ సాయంత్రం, మీరు వెళ్ళాక."

ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఆ లైను చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. లోపలికి కేకేశారు. ఆవిడ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నేను చూశానని చెప్పానా నీకు? చూశాను. నిజంగానే చూశాను. వరస బాగానే ఉంది ఆ రోజు. నాకేం కాలేదు."

ఆవిడ నా వైపు చూశారు. నేను ఏడుస్తున్నాను. క్షమించండి అని, ఓనరుగారు రమ్మన్నారని, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన అవేమీ విన్నట్టు లేరు. కాగితాలు సరిగ్గా సర్దుకుని, పైన పెన్సిలు పెట్టుకుని, అప్పుడు అడిగారు.

"ఇది నీకెప్పుడు తెలిసిందమ్మా?"

నిన్ననే అని చెబితే ఆయన నమ్మేవారు. అది నాకు తెలుసు.

"కిందటి క్రిస్మస్ అవగానే మాస్టారూ. ఆ నెలాఖరుకే."

ఆయన ఖాళీ బల్లల వైపు చూశారు.

"పిల్లలకి తప్పులు నేర్పుతానేమోనని టైపు మిషన్లన్నీ అమ్మేశాను," అన్నారు. "ఉగాది వెళ్ళాక."

ఆ మాట కోపంగా అనలేదు. ఏది ముందు ఏది తర్వాత అని సరిచూసుకుంటున్నట్టు అన్నారు, అంతే. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను నేలమీద కూర్చుండిపోయాను. క్రిస్మస్‌కీ ఉగాదికీ మధ్య మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలల్లో ఏ ఆదివారమైనా ఈ బస్సే ఎక్కి ఉండొచ్చు.

ఆయన పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నారు. "కోపం లేదంటే అబద్ధమవుద్దమ్మా. ఇంకో రోజు రా. ఇవాళ్టికి వెళ్ళు."

లేచాను. కాగితాల కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. రెండు చేతులూ వాటి మీద పెట్టుకుని, "ఇవి నా దగ్గరుండనీ," అన్నారు.